వడియాలు పెట్టిన చీర

పోయిన జనవరిలో మా పక్కింటి బ్రూస్ తన ఇల్లు అమ్మకానికి పెట్టకపోయి ఉంటే, నేను వడియాలు పెట్టిన సంగతి ఈ న్యూజీలాండ్‌లో ఎవరికీ తెలిసేది కాదు. ఆ వేసవిలో మా ఇంటికి కావలసింది కూడా అదే, మా సంగతులు ఎవరికీ తెలియకపోవడం.

స్పందన క్రిస్మస్ సెలవుల్లో వచ్చింది. వాళ్ళమ్మ సావిత్రీ నేనూ తెనాలిలో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్ళం. ఆక్లండ్‌లో హెండర్సన్ నుంచి బస్సెక్కి పామర్‌స్టన్ నార్త్‌లో దిగి, ఒక్క బ్యాగుతో మా గుమ్మంలో నిలబడింది. "గిరిజాంటీ, నేనిక్కడున్నానని అమ్మక్కూడా చెప్పకండి. ఆయన రోజూ ఫోన్ చేసి అడుగుతాడు. అమ్మకి అబద్ధం చెప్పడం రాదు" అంది.

ఆయనంటే మొగుడు విద్యాసాగర్. ఏం జరిగిందని నేను అడగలేదు. మర్నాడు వంటింట్లో పై అరలోని ఉప్పు డబ్బా కోసం ఆ పిల్ల తల మీదుగా చెయ్యి చాపాను. అంతే, రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకుని కిందికి వంగిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ క్షణాన విద్యాసాగర్ ఎదురుగా ఉంటే ఆ డబ్బాతోనే కొట్టేదాన్ని.

"పోలీసుల దగ్గరికి పోదాం పద" అన్నాను.

"పాస్‌పోర్టు వాడి దగ్గరుందాంటీ. పోలీసులని తెలిస్తే ఆ నిమిషమే కాల్చేస్తాడు. నా డిగ్రీ సర్టిఫికెట్టు అలాగే స్టవ్ మీద పెట్టాడు."

ఆమెకి ఇన్వర్‌కార్గిల్‌లో ముసలివాళ్ళని చూసుకునే హోములో ఉద్యోగం ఖాయమైంది. ఇక్కడి నుంచి చూస్తే అది దేశానికి ఆ చివర. అంతకంటే దూరం పోవాలంటే సముద్రంలోకి దిగాలి. కానీ చేరే రోజున అసలు పాస్‌పోర్టు చూపించాలన్నారు. ఫిబ్రవరి ఆఖరుదాకా ఆగుతామన్నారు. కొత్తది తెప్పించుకుందామంటే, పాతది పోయిందని పోలీసులకి చెప్పాలి. మళ్ళీ మొదటికే వచ్చేది.

"మరి మీ అత్తగారు అదే ఇంట్లో ఉంటుందన్నావు. ఆవిడేం చేసేది?" అనడిగాను.

"పక్కగదిలో టీవీ సౌండు పెంచేది."

వేదవతి అనే ఆ మనిషిని నేను చూడలేదు. చూడకుండానే ఆ రోజు నుంచీ తిట్టుకుంటూ వచ్చాను. కూరగాయలు తరిగేటప్పుడు కూడా తిట్టేదాన్ని. మావారు శ్రీనివాసమూర్తి, "కాస్త మెల్లిగా తరుగు, బోర్డు విరుగుతుంది" అనేవారు.

ఖాళీగా కూర్చుంటే పిచ్చిదైపోతుందని వడియాల పని పెట్టాను. ఇక్కడి జనవరి ఎండ మన రోహిణి ఎండకి తీసిపోదు. మధ్యాహ్నం గట్టిగా గాలి కూడా వీస్తుంది. వడియాలకి ఇంతకంటే మంచి దేశం లేదని నేను అంటూ ఉంటాను. బియ్యప్పిండి, సగ్గుబియ్యం, పచ్చిమిరపకాయలు, జీలకర్ర వేసి ఉడికించాం. తీరా చూస్తే పరవడానికి పాత చీర లేదు. నేను ఉద్యోగానికి ప్యాంటూ చొక్కాతో పోయేదాన్ని, నా బీరువాలో ఉన్నవన్నీ పట్టుచీరలే.

స్పందన లోపలికి వెళ్ళి ఒక చీర తెచ్చింది. వచ్చేటప్పుడు లాప్‌టాప్‌కి దెబ్బ తగలకుండా చుట్టుకొచ్చిన చీర. మంగళగిరి నేత. సగం పసుపు, సగం వంకాయ రంగు, మధ్యలో సన్నటి జరీ గీత.

"ఇంత మంచి చీర మీదా? నీకేమైనా మతి పోయిందా?"

"అత్తయ్య నిశ్చితార్థానికి మగ్గం దగ్గర కూర్చుని మరీ నేయించింది. ఇలాంటిది ఇంకోటి లేదని ఊరంతా చెప్పుకుంది. దీనికి ఇంతకంటే మంచి పనేం దొరుకుతుందాంటీ?" అని తడిపి, ఇంటి వెనక చెక్క అరుగు, అదే డెక్ మీద పరిచేసింది. వచ్చాక మొదటిసారి నవ్వడం అప్పుడే చూశాను. నాకూ నవ్వొచ్చింది. ఇద్దరం చెరో గరిటె పట్టుకుని చెరో రంగు మీదా కూర్చున్నాం.

పసుపు సగం నిండేసరికి నెత్తి మీద మిక్సీ తిరుగుతున్నట్టు చప్పుడు. తలెత్తితే నాలుగు రెక్కల డ్రోన్ ఒకటి మా ఇంటికీ బ్రూస్ ఇంటికీ మధ్య గాలిలో ఆగి ఉంది. కింద దాని కెమెరా నల్లటి గుడ్డులా వేలాడుతోంది. స్పందన చేతిలో గరిటె ఎక్కడ పడిందో, ఆమె ఎప్పుడు లోపలికి పరిగెత్తిందో నేను చూడనే లేదు. చూసేసరికి చీర మీద పిండి చింది ఉంది, డెక్ తలుపు బార్లా తెరిచి ఉంది.

నేను గరిటెతోనే కంచె దగ్గరికి వెళ్ళాను. అవతల బ్రూస్ లాన్‌లో నారింజ రంగు జాకెట్ వేసుకున్న కుర్రాడు చేతిలో రిమోట్ పట్టుకుని నిలబడ్డాడు. ఇల్లమ్మే ఏజెంటు పంపిన ఫోటోగ్రాఫరట. భయపెట్టినందుకు సారీ చెప్పాడు. పక్కవాళ్ళని తియ్యను, ఈ ఇంటి కప్పూ తోటా మాత్రమే తీస్తున్నాను అన్నాడు. మర్యాదగా చెప్పాడు, నేను నమ్మాను.

"నీ కోసం కాదే, బ్రూస్ ఇంటి కప్పు కోసం" అని తలుపవతల నుంచి చెప్పాను. స్పందన సాయంత్రందాకా గది బయటికి రాలేదు. వంకాయ రంగు సగంలో మిగిలిన చోటు నేనొక్కదాన్నే నింపాను.

తర్వాతి వారం సాయి ప్రియ పుణ్యమా అని మా డెక్ ఫోన్లకెక్కింది. సాయి ప్రియ మా ఊళ్ళోనే ఉంటుంది, మంచి పిల్ల. ఇల్లు కొనాలని పొద్దస్తమానం అమ్మకానికున్న ఇళ్ళ ఫోటోలు చూస్తూ ఉంటుంది. బ్రూస్ ఇంటి ప్రకటనలో పైనుంచి తీసిన ఫోటో చూసింది. ఒక మూల మా డెక్, దాని మీద రెండు రంగుల చీర, చీర మీద తెల్లటి చుక్కలు. ఆ మూలని పెద్దది చేసి, న్యూజీలాండ్ తెలుగు ఆడవాళ్ళందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టింది. పక్కనే ప్రకటన లింకు. "పామర్‌స్టన్ నార్త్‌లో ఎగురుతున్న మన జెండా! గిరిజాంటీ వడియాలు ఆకాశం నుంచి కూడా కనిపిస్తున్నాయి!" అని రాసింది.

గ్రూపంతా చప్పట్లు, నవ్వులు. కొలతలు చెప్పమని ఒకరు, ఒక ప్యాకెట్ పంపమని ఇంకొకరు. నేను కూడా మురిసిపోయి ఫోను స్పందనకి చూపించాను. ఆమె ఫోను తిరిగి నా చేతిలో పెట్టేసింది.

"ఈ గ్రూపులో అత్తయ్య ఉందాంటీ."

సాయి ప్రియకి ఫోన్ చేసి ఆ ఫోటో తీసెయ్యమన్నాను. "అయ్యో ఆంటీ, ఏమైంది? నేను సరదాకి పెట్టాను" అంది. కారణం చెప్పలేను కదా, దిష్టి తగులుతుందని చెప్పాను. వెంటనే తీసేసింది. కానీ చూసినవాళ్ళు చూసేశారు. చూడనివాళ్ళ కోసం ప్రకటన ఉండనే ఉంది.

మర్నాడు ఏజెంటు ఆఫీసుకి వెళ్ళాను. ట్రేసీ అని, నవ్వుమొహం మనిషి. ఫోటో తెరిచి, పెద్దది చేసి, తల అడ్డంగా ఊపింది.

"ఇందులో మనిషెక్కడున్నారు? మీ మొహం లేదు, మీ కారు నంబరు లేదు. మనిషి కనిపిస్తే నేనే తీయించేదాన్ని. ఇది ఆరేసిన గుడ్డ కదా."

"ఆ గుడ్డే మనిషి" అన్నాను.

ట్రేసీ అర్థం కాక చూసింది. ఆవిడ తప్పేముంది? ఒక అత్తగారు మగ్గం దగ్గర కూర్చుని నేయించిన చీర అల్లంత ఎత్తునుంచి తీసినా ఆనవాలు పడుతుందని ఈ ఊళ్ళో ఎవరికి చెప్పగలం? మా ఇంట్లో ఒకామె ఉంది, ఆమె ఇక్కడున్నట్టు ఒకరికి తెలియకూడదు, ఆ గుడ్డని బట్టి తెలిసిపోతుంది అని విడమరిచి చెప్పాను. అప్పుడు ఆవిడ నవ్వు ఆపింది. ఆ మూల కత్తిరించమని రాస్తానంది. లాంగ్ వీకెండ్ కదా, ఫోటోలు చూసే కుర్రాడు ఊళ్ళో లేడు, వచ్చేవారం అవుతుందని కూడా అంది.

ఆ వారం మా ఇల్లు ఇల్లులా లేదు. కర్టెన్లు తియ్యలేదు. కారు ఆగిన చప్పుడైతే ముగ్గురం మాటలు ఆపేసేవాళ్ళం. మూర్తిగారు పక్కవీధిలో తన సహోద్యోగి ఇంటికి స్పందనని పంపుదామన్నారు. ఆమె ఒప్పుకోలేదు. "ఇంకో ఇంటివాళ్ళని కూడా ఇందులోకి లాగనంకుల్" అంది. చీర ఉతికి, మడతపెట్టి, నా పట్టుచీరల అడుగున పెట్టాను. పిండి మరకలు పూర్తిగా పోలేదు.

ఆదివారం బ్రూస్ ఇల్లు అందరూ వచ్చి చూసే రోజు. గేటు ముందు ఇల్లమ్మే కంపెనీ జెండాలు, వీధి పొడుగునా కార్లు. మూర్తిగారు ముందు తోటలో నీళ్ళు పెడుతున్నవారు పైపు వదిలేసి లోపలికి వచ్చారు.

"గిరిజా, ఎవరో తెలుగువాళ్ళు. తల్లీ కొడుకులా ఉన్నారు. మన గేటు తీస్తున్నారు."

స్పందన కర్టెన్ సందులోంచి చూసింది. "వాడే" అంది. అంతే. మా పడకగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

నేను పక్క గేటు వైపు నుంచి ఎదురెళ్ళాను. విద్యాసాగర్ నేననుకున్నట్టు లేడు. చక్కగా దువ్వుకున్న తల, మెత్తటి గొంతు.

"నమస్తే ఆంటీ. పక్కిల్లు చూడ్డానికి ఆక్లండ్ నుంచి వచ్చాం. అమ్మ ఫోన్లో ఫోటో చూస్తే, పక్కన మనవాళ్ళున్నారని తెలిసింది. పలకరించి పోదామని."

వెనక వేదవతి. బక్కపలచని మనిషి. అంత ఎండలోనూ మోచేతులు దాటిన స్వెట్టర్ వేసుకుంది. చేతిలో స్టీలు డబ్బా. ఇలాంటి రాకకి కూడా ఖాళీ చేతులతో రాలేదు చూడు అని లోపల్లోపల మండిపడ్డాను.

"లోపల కార్పెట్లు కడిగించామమ్మా, ఇంకా తడి ఆరలేదు. ఇటు రండి" అని వెనక డెక్ మీదికి తీసుకెళ్ళి కుర్చీలు వేశాను. వేశాక చూసుకున్నాను. డెక్ తలుపు పక్కనే స్పందన చెప్పులు. ఎర్ర పట్టీలవి, చిన్నపిల్ల చెప్పుల్లా ఉంటాయి. ఇంకేం తోచక వాటిలో కాళ్ళు పెట్టి నిలబడ్డాను. నా మడమలు సగం బయటే ఉన్నాయి.

"ఇంట్లో మీరిద్దరేనా ఆంటీ?"

"మేమిద్దరమే. పిల్లలు వెల్లింగ్టన్‌లో ఉంటారు."

"ఇద్దరికి అన్ని వడియాలా?" అని నవ్వాడు.

"ఊళ్ళో అడిగినవాళ్ళందరికీ పెట్టద్దూ?"

"ఫోటోలో ఆ చీర భలే ఉందాంటీ. అమ్మకి చాలా నచ్చింది. అలాంటిదే మా ఇంట్లో ఒకటుండేది. ఒకసారి చూపిస్తారా?"

చూపించనంటే దాస్తున్నట్టే అవుతుంది. మూర్తిగారు నా మొహం చూశారు. నేను తలూపాను. ఆయన లోపలికి వెళ్ళి చీర తెచ్చారు. 

"మా చెల్లెలు చీరాల నుంచి పంపింది" అన్నాను. నాకు చెల్లెలు లేదు.

"చూడమ్మా" అని విద్యాసాగర్ చీర తీసుకుని తల్లి ఒళ్ళో పెట్టాడు.

వేదవతి మడత విప్పింది. రెండు రంగులు కలిసే చోట జరీ గీత మీద వేలు పెట్టి ఆ చివరి నుంచి ఈ చివరికి నడిపింది. అంచుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపింది. పిండి మరక ఒకటి గోటితో గీకింది. ఆ తర్వాత తల వంచినదల్లా నా కాళ్ళ వైపు చూసింది. ఎర్ర పట్టీలు, బయటికొచ్చిన నా మడమలు. చాలాసేపు చూసినట్టే అనిపించింది నాకు.  అయిపోయింది, ఇక దాచలేం అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే లోపల పడకగదిలో ఏదో కింద పడింది.

"పిండిలో సగ్గుబియ్యం వేశారా?" అని వేదవతి గొంతు పెద్దది చేసి అడిగింది. అంత బక్కమనిషికి అంత గొంతుందని అనుకోలేదు. "వేస్తే రాత్రే నానబెట్టాలి. మా వైపు వాము కూడా వేస్తాం. వాము వేస్తే అరుగుతుంది. మీరు వాము వెయ్యలేదా?"

"లేదండీ, జీలకర్ర" అన్నాను. 

"ఏంటమ్మా ఆ అరుపు?" అన్నాడు విద్యాసాగర్, తలుపు వైపు చూస్తూ. "చీర సంగతి చెప్పు."

"కాదు నాయనా. రంగులవే గానీ మనది కాదు. మనది సన్నటి నూలు. ఇది ముతక."

"సరిగ్గా చూడు."

"నేను నేయించిన చీర నాకు తెలియదా?"

అతను చీర తీసుకోవడానికి చెయ్యి చాపాడు. ఆ చెయ్యి ఇంకా చీర దగ్గరికి రాకముందే ఆవిడ భుజం ముడుచుకుపోయింది, తల పక్కకి వాలింది. నేను ఆ వంపు ఎరుగుదును. ఉప్పు డబ్బా దగ్గర చూశాను. అతను చీర నా చేతిలో పెట్టి, వస్తామాంటీ అని లేచాడు. డెక్ తలుపు అద్దంలోకి ఒకసారి చూసి మెట్లు దిగాడు.

వేదవతి వెళ్తూ డబ్బా నాకిచ్చింది. "సున్నుండలు. ముందు అడుగువి తినండి. నెయ్యి కిందికి దిగి, అడుగువే బాగుంటాయి" అంది. నా కళ్ళలోకి చూడలేదు.

కారు వీధి మలుపు తిరిగిందని మూర్తిగారు వచ్చి చెప్పేదాకా ఆ చెప్పుల్లోంచి కాళ్ళు తియ్యలేదు. అప్పటికీ నాకు కోపమే. ఇన్నాళ్ళూ టీవీ సౌండు పెంచి, ఇవాళ ఒక్క అబద్ధం ఆడితే సరిపోతుందా? ఆ ఇంటి నెయ్యి నా ఇంట్లో వద్దనుకుని డబ్బాని అలాగే తీసుకెళ్ళి బయటి చెత్త బిన్నులో పడేశాను.

స్పందన బయటికి వచ్చాక జరిగిందంతా చెప్పాను. చీర తనది కాదందని చెప్పినా కదల్లేదు. గొంతు పెంచిందని చెప్పినప్పుడు మాత్రం గోడకి ఆనుకుంది. "లోపలికి వినబడింది" అంది. అడుగువి ముందు తినమందని చెప్పగానే తలెత్తింది.

"డబ్బా ఏదాంటీ?"

చెప్పులు లేకుండానే పరిగెత్తింది. బిన్నులో తల పెట్టి డబ్బా తీసింది. అక్కడే, డ్రైవ్‌వే మీద కూర్చుని మూత తెరిచి, సున్నుండలు ఒక్కొక్కటీ తీసి చీరకొంగులో పెట్టినట్టు తన టీషర్టులో పెట్టుకుంది. అడుగున ప్లాస్టిక్ కవరు. కవరులో పాస్‌పోర్టు.

స్పందన ఏడ్చింది. వచ్చాక మొదటిసారి గట్టిగా, వీధికి వినబడేలా ఏడ్చింది. బ్రూస్ ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళు కంచె మీదుగా చూస్తున్నా నేను ఆపమని అనలేదు. నేనూ ఏడ్చాను. ఎవరి కోసమని ఎవరైనా అడిగితే ఆ రోజు చెప్పలేకపోయేదాన్ని.

లాంగ్ వీకెండ్ సెలవు కాగానే లాయర్‌ని కలిశాం. విద్యాసాగర్ ఆమె దగ్గరికి రాకూడదని కోర్టు ఆర్డరిచ్చింది. కాగితాలివ్వడానికి హెండర్సన్ వెళ్ళిన పోలీసులు, ఇంట్లో ఉన్న పెద్దావిడని కూడా విడిగా అడిగారట. అంతా బాగానే ఉంది, నాకేం ఇబ్బంది లేదు అని చెప్పిందట. ట్రేసీ ఫోన్ చేసి ఫోటోలో ఆ మూల కత్తిరించామంది. బ్రూస్ ఇల్లు అమ్ముడుపోయింది. ఫిబ్రవరి ఆఖరున స్పందనని ఇన్వర్‌కార్గిల్ విమానం ఎక్కించాం. చీర తీసుకెళ్ళింది. అక్కడ చలికి వడియాలు ఎండవు గానీ, కప్పుకోవడానికి పనికొస్తుందంది.

డబ్బా మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. కడిగి, తుడిచి, ఎండలో పెట్టాను. ఒకరి ఇంటి డబ్బాని ఖాళీగా తిరిగివ్వలేం కదా. ఆ రోజు పెట్టిన వడియాలే, పసుపు సగం మీద స్పందన పెట్టినవి, ఏరి ఏరి నిండా పోసి మూత పెట్టాను. వంటింటి అరలో, చేతికందే చోటే పెట్టాను. వెనకగదిలో స్పందన పడుకున్న మంచం కూడా తియ్యలేదు. దుప్పటి మార్చాను.

మొన్న మూర్తిగారు ఆ డబ్బా చూసి, "ఎన్నాళ్ళిలా పెడతావు? కొరియర్లో పంపించెయ్యరాదూ?" అన్నారు.

"వద్దు" అన్నాను. "ఆవిడే వచ్చి తీసుకుంటుంది. మన ఇల్లు ఆవిడకి తెలుసు."